కారణం చెప్పని బ్యాంకు: ఖాతా మూసివేతల గురించి కొంత చరిత్ర

మన సంఘం సమావేశాల్లో బాబాల గురించి, వాస్తు గురించి, చేతబడుల గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి బ్యాంకు ఖాతా గురించి రాస్తున్నాను. హేతువాదులకీ బ్యాంకు ఖాతాకీ సంబంధం ఏమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. చివరిదాకా చదివితే సంబంధం ఉందని మీరే అంటారని నా నమ్మకం (నమ్మకం అనే మాట వాడినందుకు క్షమించాలి!).

కొంతకాలం కిందట నా ఫోన్‌లో ఉన్న ఒక డిజిటల్ చెల్లింపుల ఖాతాని ఒక బ్యాంకు మూసేసింది. బ్యాంకు పేరు ఇక్కడ అనవసరం. నాకు వచ్చింది రెండు వాక్యాల ఎస్సెమ్మెస్. "బ్యాంకు అంతర్గత విధానం ప్రకారం మీ ఖాతా మూసివేయబడినది. మా సేవలు వినియోగించుకున్నందుకు ధన్యవాదములు." నేను బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైన మనిషిని. పెన్షన్ తప్ప వేరే రాబడి లేదు. కేవైసీ కాగితాలన్నీ ఎప్పుడో ఇచ్చాను. మూడు ఉత్తరాలు రాస్తే మూడింటికీ ఒకటే జవాబు, "అంతర్గత విధానం". ఖాతాలో మిగిలిన 1,840 రూపాయలు నలభై రోజులకి నా ఇంకో ఖాతాలోకి వచ్చాయి. కారణం మాత్రం రాలేదు.

డబ్బు వచ్చేసింది కదా, ఇంకా ఎందుకీ రాద్ధాంతం అని మా ఇంట్లోనే అడిగారు. నన్ను ఆలోచనలో పడేసింది డబ్బు కాదు, చుట్టుపక్కల వాళ్ళు చెప్పిన కారణాలు. ఒకాయన ఏలినాటి శని అన్నాడు. ఇంకొకాయన దేవుడి మీద మీరు రాసే రాతల వల్లే అన్నాడు. మూసింది దేవుడా ప్రభుత్వమా అని అడిగితే "ఇద్దరూ కలిసి" అన్నాడు. మూడో ఆయన మీ పేరుతోనే ఇంకెవరో నేరస్తుడు ఉండి ఉంటాడన్నాడు. వీటిలో ఏది తప్పో నేను నిరూపించలేను. ఎందుకంటే అసలు కారణం నా చేతిలో లేదు. కారణం కాగితం మీద ఉంటే దాన్ని పరీక్షించవచ్చు, తప్పని తేల్చవచ్చు, ఒప్పైతే ఒప్పుకోవచ్చు. అది లేని చోట ఏ కథైనా చెల్లుతుంది. మూఢనమ్మకం పుట్టడానికి ఇంతకంటే అనువైన నేల ఏముంటుంది?

బ్యాంకు ఖాతాదారుడికి కారణం అడిగే హక్కు ఎప్పుడైనా ఉండేదా? ఉంటే ఎప్పుడు పోయింది? ఈ ప్రశ్న పట్టుకుని కొంత చదివాను. అందులో పనికొచ్చినవి ఇక్కడ పెడుతున్నాను.

అండమాన్ రాగి రూపాయి

మేముండే ఊరి నుంచే మొదలుపెడతాను. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే బ్రిటిష్ అధికారి రెండు వందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. (2024 సెప్టెంబర్‌లో ఈ ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు. పాత సంగతులు చెప్పేటప్పుడు పాత పేరే వాడతాను.) ఖైదీల వలస కొన్నేళ్ళు నడిచాక ఇక్కడ వాడకానికి ప్రత్యేకంగా ఒక రూపాయి బిళ్ళ వచ్చింది. నాణేలు సేకరించేవాళ్ళు దాన్ని అండమాన్ టోకెన్ అంటారు. రాగి బిళ్ళ, మధ్యలో చిల్లు, విలువ ఒక రూపాయి. 1861, 1866 సంవత్సరాలు వేసినవి దొరుకుతాయి.

అప్పట్లో మామూలు రూపాయి వెండిది. కరిగించినా దానికి విలువ ఉంటుంది, దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. రాగి టోకెన్ సంగతి వేరు. దాని విలువ లోహంలో లేదు, ఇచ్చినవాడి మాటలో ఉంది. ఈ వలస హద్దు దాటితే అది రాగి ముక్కే. ఇచ్చినవాడు చెల్లదంటే హద్దు లోపల కూడా రాగి ముక్కే.

ఒక సంస్థ తన దగ్గర మాత్రమే చెల్లేటట్టు జారీ చేసే ముందస్తు చెల్లింపు సాధనాన్ని రిజర్వ్ బ్యాంకు పరిభాషలో "క్లోజ్డ్ సిస్టమ్" అంటారు. ఆ లెక్కన నూట అరవై ఏళ్ళ కిందటే పోర్ట్ బ్లెయిర్‌లో క్లోజ్డ్ సిస్టమ్ వాలెట్ ఉందన్నమాట. కాకపోతే అది జేబులో బరువుగా ఉండేది.

ఖైదీలకి ఇక్కడ ప్రత్యేక సేవింగ్స్ బ్యాంకు కూడా ఉండేది. పందొమ్మిదో శతాబ్దం చివర ఇక్కడ చీఫ్ కమిషనర్‌గా ఉన్న రిచర్డ్ టెంపుల్ కాలంలో శిక్షా పద్ధతి మెట్లు మెట్లుగా ఉండేది. మొదటి ఆరు నెలలు ఒంటరి గది, తర్వాత ఏడాదిన్నర ఇంకో జైలు, తర్వాత మూడేళ్ళు బ్యారక్‌లలో ఉంటూ కూలి లేని చాకిరీ. ఆ తర్వాతి అయిదేళ్ళలో కొద్దిగా భత్యం ఇచ్చేవారు. ఖర్చు పెట్టుకోవచ్చు, లేదా ఆ సేవింగ్స్ బ్యాంకులో దాచుకోవచ్చు. పదేళ్ళు నిండితే టికెట్ మీద బయటికి వచ్చి సొంతంగా బతకవచ్చు, కానీ దీవి వదిలి వెళ్ళకూడదు.

ఇది దుర్మార్గమైన వ్యవస్థ, దాన్ని మెచ్చుకోవడానికి ఈ మాట రాయడం లేదు. ఒక్క విషయం గమనించమంటున్నాను. ఆ ఖైదీకి తన నేరం ఏమిటో చెప్పారు, శిక్ష ఎన్నాళ్ళో చెప్పారు, ఏ మెట్టు మీద ఏమి దొరుకుతుందో చెప్పారు. ఈనాటి డిజిటల్ ఖాతాదారుడికి చెప్పింది "అంతర్గత విధానం" అనే రెండు మాటలు.

కోర్టులు చెప్పింది ఏమిటి?

బీకాంలో బ్యాంకింగ్ చట్టం చదివినవాళ్ళకి ఫోలీ వర్సెస్ హిల్ గుర్తుండే ఉంటుంది. 1848లో ఇంగ్లండ్ ప్రభువుల సభ ఇచ్చిన తీర్పు. మనం బ్యాంకులో వేసిన డబ్బు బ్యాంకుదైపోతుంది, బ్యాంకు మనకి బాకీపడుతుంది అని అందులో తేల్చారు. అంటే మనం అప్పిచ్చినవాళ్ళం, బ్యాంకు అప్పు తీసుకున్నది. పాస్‌బుక్ పట్టుకుని కౌంటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడే మనవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

1921లో జోకిమ్‌సన్ కేసులో అక్కడి అప్పీలు కోర్టు ఇంకో ముక్క చెప్పింది. బ్యాంకు ఖాతా మూయాలనుకుంటే సమంజసమైన నోటీసు ఇవ్వాలి అని. 1923లో ప్రాస్పెరిటీ అనే కంపెనీకి, లాయిడ్స్ బ్యాంకుకి మధ్య కేసు వచ్చింది. నెల రోజుల నోటీసుతో ఖాతా మూస్తామని బ్యాంకు అంది. ఆ వ్యాపారం తీరుకి ఆ గడువు చాలదని కోర్టు అంది. మన దేశంలో చదివే బ్యాంకింగ్ పుస్తకాలన్నిటికీ పునాది ఈ తీర్పులే.

ఇక్కడే లొసుగు ఉంది. నోటీసు ఇవ్వాలన్నారు గానీ కారణం చెప్పాలని ఎవరూ అనలేదు. ఆ రోజుల్లో అది పెద్ద లోటు కాలేదు. ఖాతా పోయినా జేబులో నగదు ఉండేది, నగదుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పైగా మేనేజరు ఎదురుగా కూర్చునేవాడు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అలాంటి బ్యాంకు శాఖలో ఖాతా మూస్తే ఖాతాదారుడు మర్నాడు పొద్దున్నే వెళ్ళి "ఏమిటండీ ఇది?" అని అడగగలిగేవాడు. చట్టంలో లేని హక్కు ఆ బల్ల ముందు దొరికేది. ఆ బల్ల పోయాక హక్కూ పోయింది. (ఆంధ్రా బ్యాంకు కూడా 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.)

ఒక బ్యాంకే మూతపడినప్పుడు

హైదరాబాద్ మిత్రులకి 2004 జూలై 24 గుర్తుండాలి. ఆ రోజున గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద మారటోరియం విధించారు. డిపాజిటర్లు పదివేల రూపాయలకి మించి తీయకూడదన్నారు. శాఖల ముందు జనం బారులు తీరారు. మూడు వారాలు తిరక్కుండా, ఆగస్టు 14న, దాన్ని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల డబ్బు దక్కింది, వాటాదారులకి ఏమీ మిగల్లేదు.

అది కష్టకాలమే. అయినా అందులో చూడండి. చట్టం పేరు ఉంది, గడువు ఉంది, ఎంత తీసుకోవచ్చో అంకె ఉంది, బ్యాంకు ఆర్థిక స్థితి దెబ్బతిందన్న కారణం బయటికి చెప్పారు. పత్రికలు దాని మీద వాదించుకున్నాయి. అంత పెద్ద బ్యాంకు మూతపడితే కారణం చెప్పగలిగిన వ్యవస్థ ఒక మామూలు మనిషి ఖాతా మూసేటప్పుడు ఎందుకు చెప్పలేదు?

నగదు తగ్గాక

2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. అదే ఏడాది నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. మా దీవుల్లో మార్పు కొంచెం ఆలస్యంగా వచ్చింది, ఎందుకంటే ఇక్కడ ఇంటర్నెట్ ఉపగ్రహాల మీద నడిచేది, నత్తలా ఉండేది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక ఊరి స్వరూపమే మారింది. కొబ్బరిబొండాల బండి మీద కూడా క్యూఆర్ అట్ట వేలాడుతోంది. ఇది మంచి మార్పే. ఏటీఎం కోసం పడవెక్కి ఇంకో దీవికి పోవలసిన చోట ఫోన్‌లోని డబ్బు ఎంత సుఖమో ఇక్కడున్నవాళ్ళకే తెలుసు. అదే డబ్బు ఒక పొద్దున ఆగిపోతే ఎంత కష్టమో కూడా ఇక్కడున్నవాళ్ళకే తెలుసు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్ళు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్‌లో నేను చేపలు కొనే ఒకావిడ ఖాతా ఒకరోజు ఆగిపోయింది. క్యూఆర్ అట్టకి పడే డబ్బంతా ఆ ఖాతాలోకే వెళ్ళేది. బ్యాంకువాళ్ళు "పై నుంచి వచ్చింది" అన్నారట. పై నుంచి అంటే దేవుడా, ముంబయి ఆఫీసా, ఆమెకి తెలియదు. నాతో అంది: "ఏటి తప్పు సేసేనో సెప్పమనండి బాబూ. సెప్తే దిద్దుకుంటాను కదా. సెప్పకపోతే ఏటి సెయ్యాల?"

మిత్రులారా, ఈ నాలుగు మాటల్లో ఉన్నంత హేతువాదం నేను పెద్ద పెద్ద పుస్తకాల్లో కూడా చూడలేదు.

మూడు వారాలు తిరిగితే తేలింది ఇది. చేపలు కొన్న ఎవరో ఒకరు పంపిన ఆరు వందల రూపాయలు వేరే రాష్ట్రంలో ఒక సైబర్ మోసం ఫిర్యాదుతో ముడిపడ్డాయి. ఆ గొలుసులో ఆమె ఖాతా కూడా ఒక లింకు. ఆరు వందలకి మొత్తం ఖాతా ఆపేశారు. కారణం తెలియగానే చేయవలసింది తేలిక అయింది: చేపలమ్మిన సంగతి రాసి ఇచ్చింది, ఖాతా తెరుచుకుంది. మూడు వారాల వ్యాపారం పోయింది. ఆ మూడు వారాలూ ఆమె ఒక మొక్కు కూడా మొక్కిందని తర్వాత తెలిసింది. ఆమెని తప్పుపట్టను. అర్జీ ఎవరికి పెట్టాలో చెప్పనప్పుడు మనిషి దేవుడికే పెట్టుకుంటాడు.

పోలీసులకి ఈ అధికారం ఉంది. బ్యాంకు ఖాతా కూడా స్వాధీనం చేసుకోదగ్గ ఆస్తే అని 1999లో తాపస్ నియోగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత నేర విచారణ స్మృతిలో 102వ సెక్షను, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 106వ సెక్షను దీనికి ఆధారం. కానీ అదే సెక్షనులో ఆ సంగతి వెంటనే మేజిస్ట్రేటుకి తెలియజేయాలనీ ఉంది. అధికారంతోపాటు కాగితమూ ఉండాలని చట్టం ఉద్దేశం.

బ్యాంకుల వాదన కూడా విందాం

ఎదుటివాడి వాదన దాచిపెట్టి గెలవడం మన పద్ధతి కాదు. బ్యాంకులు రెండు మాటలు చెబుతాయి.

మొదటిది, రహస్యం. అనుమానాస్పద లావాదేవీల మీద బ్యాంకులు ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగానికి నివేదిక పంపాలి. ఆ సంగతి ఖాతాదారుడికి తెలియనివ్వకూడదు, తెలిస్తే దొంగ జాగ్రత్తపడతాడు. ఇది న్యాయమైన వాదనే. కానీ రిజర్వ్ బ్యాంకు 2016లో ఇచ్చిన కేవైసీ ఆదేశాలు చదివితే ఒక తమాషా కనిపిస్తుంది. అలాంటి నివేదిక పంపినంత మాత్రాన ఆ ఖాతా లావాదేవీల మీద ఆంక్షలు పెట్టకూడదని కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది. రహస్యం నివేదికకి సంబంధించినది. దాన్ని తెచ్చి ప్రతి మూసివేతకీ ముసుగుగా వేయడం కుదరదు.

రెండోది, వ్యాపార స్వేచ్ఛ. ఎవరితో వ్యాపారం చేయాలో మా ఇష్టం అంటారు. కిళ్ళీకొట్టు విషయంలో ఇది సరే. లైసెన్సు లేకుండా ఎవరూ చేయకూడని వ్యాపారం, మనిషి బతకడానికి తప్పనిసరైన సేవ, ఈ రెండూ కలిసినచోట "మా ఇష్టం" చాలదు.

కారణం చెప్పాలన్న హక్కు ఎలా పెరిగింది?

ప్రభుత్వం విషయంలో ఈ పోరాటం ఎప్పుడో జరిగింది. 1977 జూలైలో మేనకా గాంధీ పాస్‌పోర్టు స్వాధీనం చేయమన్నారు. కారణం అడిగితే ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పం అన్నారు. 1978 జనవరి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన రాజ్యాంగ చరిత్రలో మైలురాయి. మనిషి స్వేచ్ఛని హరించే పద్ధతి న్యాయంగా, సమంజసంగా ఉండాలి, అతని మాట వినాలి అని ఆ తీర్పు చెప్పింది.

ఇది ప్రైవేటు బ్యాంకుకి వర్తిస్తుందా? 2003లో ఫెడరల్ బ్యాంకు, సాగర్ థామస్ కేసులో, ప్రైవేటు బ్యాంకు రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్నంత మాత్రాన ప్రభుత్వ సంస్థ అయిపోదని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ప్రభుత్వం మీద మనం గెలుచుకున్న హక్కు, డబ్బు ప్రైవేటు యాప్‌లోకి మారగానే మన వెంట రాలేదు.

ఈ గోడకి కొంత కన్నం పడింది తెలుగు నేల మీదే. బ్యాంకులు ఒక కంపెనీ రుణఖాతాని "మోసం" అని ముద్ర వేసేటప్పుడు వాళ్ళ మాట వినాల్సిందేనని 2020 డిసెంబర్ 10న తెలంగాణ హైకోర్టు చెప్పింది. 2023 మార్చి 27న స్టేట్ బ్యాంకు వర్సెస్ రాజేష్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2024 జూలై 15న రిజర్వ్ బ్యాంకు తన ఆదేశాలు మార్చి, ముద్ర వేసేముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలి, జవాబుకి కనీసం 21 రోజులు గడువివ్వాలి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి అంది. కోట్లు అప్పు తీసుకున్నవాళ్ళకి ఈ రక్షణ వచ్చింది. మంచిదే. వందల్లో వ్యాపారం చేసే చేపలావిడకి ఇలాంటిది రావాలి కదా?

బయటి దేశాల సంగతి

2010 డిసెంబర్‌లో వికీలీక్స్‌కి విరాళాలు అందకుండా పేపాల్, వీసా, మాస్టర్‌కార్డ్ దారులు మూశాయి. అప్పటికి ఏ కోర్టూ ఆ సంస్థని దోషి అనలేదు. 2013 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ సుప్రీంకోర్టు అక్కడి చెల్లింపుల కంపెనీని ఆ దారి తిరిగి తెరవమంది. నలుగురికీ నచ్చని మాటలు రాసే సంఘాలు, అంటే మనలాంటివి, ఈ కేసు గుర్తుంచుకోవాలి. విరాళాల ఖాతా ఆపేస్తే పత్రిక ఆగిపోతుంది, నిషేధించే అవసరం కూడా ఉండదు.

2023లో బ్రిటన్‌లో నైజెల్ ఫరాజ్ అనే రాజకీయ నాయకుడి ఖాతా కూట్స్ బ్యాంకు మూసింది. ముందు అది డబ్బు చాలకపోవడం వల్లే అన్న మాట బయటికొచ్చింది. అతను తన మీద బ్యాంకు దగ్గరున్న కాగితాలు చట్టప్రకారం తెప్పించుకుంటే అందులో అతని రాజకీయ అభిప్రాయాల ప్రస్తావన ఉంది. మాతృసంస్థ నాట్‌వెస్ట్ అధిపతి అలిసన్ రోజ్ జూలైలో రాజీనామా చేశారు. ఫరాజ్ రాజకీయాలు నాకు సుతరామూ నచ్చవు. కానీ కారణం తెలుసుకునే హక్కు నచ్చినవాళ్ళకి మాత్రమే ఉంటే అది హక్కు కాదు. అక్కడ 2025లో నిబంధనలు మార్చారు. 2026 ఏప్రిల్ 28 నుంచి కుదిరే ఒప్పందాలకి, కొన్ని మినహాయింపులతో, 90 రోజుల నోటీసు, అర్థమయ్యేటట్టు రాసిన కారణం ఇవ్వాలన్నారు. నేరం అనుమానం ఉన్నచోట మినహాయింపు ఉంది. రహస్యం, కారణం ఒకే చట్టంలో ఇమడగలవని దీన్నిబట్టి తెలుస్తోంది.

మనం అడగవలసింది

నా ఉద్యోగంలో ఒక సిపాయి ప్రయాణభత్యం బిల్లులో పాతిక రూపాయలు కోసినా ఏ రూలు కింద కోశామో రాయాల్సి వచ్చేది. రాయకపోతే ఆ బిల్లు మా మొహాన తిరిగొచ్చేది. అది ఎవరి దయా కాదు, లెక్కల పద్ధతి. కోత కోసినవాడే కారణం చూపాలి. అద్భుతం చేశానన్నవాడే రుజువు చూపాలని మనం బాబాలని అడిగేది కూడా ఇదే సూత్రం.

కాబట్టి మన సంఘం తరఫున మూడు కోరికలతో రిజర్వ్ బ్యాంకుకి వినతిపత్రం పంపాలని ప్రతిపాదిస్తున్నాను. ఖాతా మూసేముందు నోటీసు ఇవ్వాలి. ఏ నిబంధన కింద మూస్తున్నారో ఖాతాదారుడి భాషలో రాసి ఇవ్వాలి. దర్యాప్తు కోసం ఆపితే వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపాలి, మిగిలింది వాడుకోనివ్వాలి. 2014లో రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రంలో పారదర్శకత అనే మాట ఉంది. ఆ మాటకి అర్థం ఏమిటో చెప్పమని అడగడమే ఇది.

ఈలోగా ఎవరి ఖాతా అయినా ఇలా ఆగితే ఫోన్ల మీద వాదన పెట్టుకోకండి. రాతపూర్వకంగా అడగండి, తేదీతో రసీదు తీసుకోండి, నెలలో సరైన జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కి రాయండి. ఉత్తరంలో "దయచేసి ఖాతా తెరవండి" అనే ముందు "ఏ నిబంధన కింద మూశారు?" అని రాయండి. రాజ్యాంగం 51ఏ అధికరణం మనకి ప్రశ్నించే స్వభావం పెంచుకోవడం ఒక విధి అని చెప్పింది. ఆ విధి గుడి మెట్ల దగ్గర మొదలై బ్యాంకు గుమ్మం దగ్గర ఆగిపోతుందని ఎక్కడా రాసి లేదు.